ఏటిగట్టున రౌతు

ధ్యానభాగము: నెహెమ్యా 2:11-16, లూకా 19:35-44

మీ పరిశుద్ధ గ్రంథములను తెరచి నెహెమ్యా గ్రంథము రెండవ అధ్యాయములో పదునొకండవ వచనము మొదలుకొని పదునారవ వచనమువరకు నెమ్మదిగా చదువుడి. ఆరు వచనములే. వాటిలో ప్రసంగము లేదు, అద్భుతము లేదు, ప్రార్థన సహితము లేదు. ఒక మనుష్యుడు రాత్రివేళ ఒక పశువునెక్కి, పాడైన గోడల వెంబడి తిరిగి వచ్చుట మాత్రమే యున్నది. అయినను ఆ రాత్రి ప్రయాణము జరుగకపోయినయెడల యెరూషలేము ప్రాకారము 52 దినములలో లేచియుండెడిది కాదని నేను నమ్ముచున్నాను.

నెహెమ్యా షూషను కోటలో రాజునకు పానపాత్ర నందించువాడు. తన పితరుల పట్టణము పాడైయున్నదను వార్త వినగానే అతడు కూర్చుండి యేడ్చెను, ఉపవాసముండెను, కిస్లేవు మాసమునుండి నీసాను మాసమువరకు, అనగా సుమారు నాలుగు నెలలు, దేవుని సన్నిధిని మొఱ్ఱపెట్టెను. ప్రార్థనకు జవాబు వచ్చెను. రాజు సెలవు దొరికెను. కలప కొరకు తాకీదు దొరికెను. త్రోవలో కాపుదలకు సేనాధిపతులును రౌతులును సహితము దొరికిరి. ఇంత బలగముతో వచ్చినవాడు ఊరు చేరిన మరునాడే సభ కూర్చి, తన ఉద్దేశమును చాటింపవచ్చును గదా! అతడు అట్లు చేయలేదు. మూడు దినములు ఊరకుండెను. తరువాత రాత్రి లేచి, కొద్దిమందిని వెంటబెట్టుకొని, ఒకే ఒక పశువుతో బయలుదేరెను. దేవుడు తన హృదయమందు పుట్టించిన ఆలోచనను ఎవరితోను చెప్పలేదు.

అది గుఱ్ఱమో, గాడిదయో, కంచరగాడిదయో లేఖనము చెప్పలేదు. త్రోవను మాత్రము స్పష్టముగా చెప్పినది. లోయ ద్వారము, పెంట ద్వారము, బుగ్గ గుమ్మము, రాజు కోనేరు. అక్కడికి వచ్చుసరికి కూలిన రాళ్లు దారిని మూసివేసెను. ఎక్కిన పశువు ముందుకు పోవుటకు చోటు లేకపోయెను. అప్పుడు అతడు వాగు వెంబడి పైకి సాగి, ప్రాకారమును పరీక్షించి, వచ్చిన ద్వారముననే తిరిగి లోపలికి వచ్చెను. ఆ వాగు కిద్రోనని వ్యాఖ్యానకర్తలు చెప్పుదురు. ఈ పేరును జ్ఞాపకముంచుకొనుడి; ఈ ధ్యానము ముగియక మునుపు మరల ఆ వాగునొద్దకు రావలసియున్నది.

వినుట వేరు, చూచుట వేరు. షూషనులో విన్న వార్త అతనికి కన్నీరు తెప్పించెను. వాగుగట్టున కనులార చూచిన పాడు అతనికి పని చూపించెను. ఏ గుమ్మము కాలిపోయినది, ఏ గోడ కొంత నిలిచియున్నది, ఎక్కడ రాళ్లు తీసినగాని పని సాగదు అనునది నాలుగు నెలల ప్రార్థనలో తెలియలేదు. ఒక రాత్రి చూచుటలో తెలిసెను. ప్రార్థన తక్కువదని నా భావము కాదు. ఆ ప్రార్థనయే అతనిని అక్కడికి నడిపించినది. మనలను లేపి నడిపింపని ప్రార్థన ఇంకను సగములోనే యున్నదని మాత్రము చెప్పుచున్నాను.

ఇప్పుడు మన తెలుగుదేశమునకు వత్తము. గోదావరి డెల్టాలో ప్రయాణము చేసినవారు ఊరి కూడలిలో గుఱ్ఱముమీద కూర్చున్న ఒక తెల్లదొర విగ్రహమును చూచియుందురు. ఆయన సర్ ఆర్థర్ కాటన్. పరదేశ ప్రభుత్వము పోయిన తరువాత అనేకుల విగ్రహములు ప్రజల ఆదరణ కోల్పోయినవి. ఈ విగ్రహములను మాత్రము రైతులే నిలువబెట్టి పూలమాలలు వేయుచున్నారు. ఆయనను బల్లయొద్ద కాగితములు ముందుంచుకొని కూర్చున్నట్టుగా గాక, గుఱ్ఱముమీదనే యేల చూపించిరి? ప్రజల జ్ఞాపకములో ఆయన ముందుగా వచ్చి చూచినవాడు గనుక. ఆ దినములలో డెల్టాలో రైలు లేదు, మోటారు లేదు. ఏటిగట్టున, ఇసుకతిన్నెల మీద, లంకల మధ్య తిరుగవలెనన్న గుఱ్ఱమో, పడవయో, కాలినడకయో తప్ప వేరు సాధనము లేదు.

ఆయన చూచినది ఏమి? ఎండకాలమున సన్నబడి, వానకాలమున పొంగి, ఏ పొలమునకును ఆగక సముద్రమునకు పోవు మహానది. దాని ఇరుగట్టుల ఆకలిగొన్న జనము. 1832-33లో, నందన సంవత్సరమున వచ్చిన కరవు గుంటూరు సీమను శ్మశానముగా చేసెను. ఆ బాధ గోదావరి సీమను కూడ తాకెను. 1839 నవంబరులో తుపాను ఉప్పెన కోరంగిమీద పడెను. రాజమహేంద్రవరము జిల్లాలో 1821లో 7 లక్షల 38 వేలుగా నుండిన జనసంఖ్య 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దిగిపోయెను. నీళ్లు లేక కాదు సుమా! కన్నులయెదుటనే నది పారుచుండగా, నది ప్రక్కనే మనుష్యులు ఆకలితో చచ్చిరి. ఇంతకంటె దుఃఖకరమైన దృశ్యము వేరొకటి కలదా?

కాటన్ ఈ విద్యను ఎక్కడ నేర్చుకొనెను? తమిళదేశమున కావేరిమీద చోళరాజుల కాలమునుండి నిలిచియున్న కల్లణై అను ప్రాచీనమైన ఆనకట్ట కలదు. లోతైన ఇసుకమీద పునాది ఎట్లు నిలుచునో ఆ పూర్వులు ఎరిగియుండిరి. కాటన్ వారి పనిని పరీక్షించి, దానినుండి నేర్చుకొని, 1836లో కొల్లిడము నదిమీద రెండు ఆనకట్టలు కట్టించెను. పాలకజాతివాడనని గర్వపడక, పేరు తెలియని పూర్వుల చేతిపనియెదుట విద్యార్థిగా నిలుచుట చూచుటలో ఒక భాగమే. గర్వించిన కన్ను ఎంత దూరము తిరిగినను ఏమియు చూడదు.

తరువాత ఆయన గోదావరిని పరీక్షించి ప్రభుత్వమునకు నివేదికలు పంపెను. 1846 డిసెంబరులో అనుమతి వచ్చెను. 1847లో ధవళేశ్వరమున పని ఆరంభమై 1852లో ముగిసెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా, లంకలను మధ్య నుంచుకొని, సుమారు 12 వేల అడుగుల గోడ లేచెను. దాని యెత్తు 12 అడుగులే. నది యొక్క మహత్తు ముందు ఆ గోడ ఎంత! అయితే అది నదిని ఆపుటకు కట్టినది కాదు. నీటిమట్టమును కాలువల తలుపుల వరకు లేపి, పొలములకు మళ్లించుటకు కట్టినది. మిగిలిన వరద గోడమీదుగా పొర్లి తన త్రోవను తాను పోవును. నేడు ఆ పాత ఆనకట్ట స్థానమున 1970లో ఆరంభించి 1982లో ముగించిన కొత్త బరాజు నిలిచియున్నది. దానికి కాటన్ పేరే పెట్టిరి.

నదికి ఆనకట్ట ఎట్టిదో గుఱ్ఱమునకు కళ్లెము అట్టిది. కళ్లెము గుఱ్ఱము బలమును చంపదు. ఆ బలమునకు ఒక త్రోవ చూపును. యాకోబు తన పత్రిక మూడవ అధ్యాయములో గుఱ్ఱపు నోటి కళ్లెమును చూపి నాలుకను గూర్చి హెచ్చరించెను. ముప్పది రెండవ కీర్తనలో దేవుడు మనలను గుఱ్ఱమువలె, కంచరగాడిదవలె ఉండవద్దనుచున్నాడు. అవి కళ్లెము లేనిదే దగ్గరకు రావు గనుక. ఆ మాటకు ముందు వచనములో ఆయన తన దృష్టిని మనమీద ఉంచి నడిపించెదనని సెలవిచ్చుట గమనించుడి. ప్రభువు కనుచూపును గుర్తెరిగి నడచువానికి ఇనుప కళ్లెము అక్కరలేదు. మనలోను కన్నీరు కలదు, జాలి కలదు, మంచి మాట కలదు. అవి కాలువ లేని గోదావరివలె ఏ పొలమును తడపక సముద్రములో కలిసిపోవుచున్నవి. మన జాలి ఏ గుమ్మము వైపునకు పారవలెనో ప్రభువు చూపుననే నేర్చుకొనవలెను.

ఇక్కడ ఒక హెచ్చరిక. కాటన్ కుంపిణీ ఉద్యోగి. కుంపిణీ ఈ పనికి సొమ్ము మంజూరు చేయుటలో శిస్తు పెరుగునన్న లెక్క కూడ కలదు. ఆయన దైవభక్తిగలవాడనుట నిజమే. అయినను ఏ మనుష్యుని విగ్రహమునకును మన హృదయములో దేవుని స్థానము ఇయ్యరాదు. పైగా గుఱ్ఱమెక్కినవానికి విగ్రహమున్నది; తట్ట మోసినవారికి ఏమున్నది? వేలాది స్త్రీపురుషులు ధవళేశ్వరపు కొండరాతిని మోసిరి. ఆరోగ్యము చెడి కాటన్ సెలవుమీద పోవలసివచ్చినపుడు పని ఆగలేదు. కెప్టెన్ ఓర్ దానిని నడిపించెను. కూలీలను కూర్చి, పని సాగించుటలో తెలుగువాడైన వీణము వీరన్న కుడిభుజముగా నిలిచెను. 1836లో ఇంగ్లండునుండి వచ్చి నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో సేవచేసిన బౌడెన్, బీర్ అను దైవజనులు ఆ కూలిజనుల మధ్యనే నిలిచి సువార్త ప్రకటించిరి. మిగిలినవారి పేర్లు మనకు తెలియవు. నెహెమ్యా మాత్రము తన మూడవ అధ్యాయమంతయు పనివారి పేర్లతోనే నింపెను. కంసాలులు, పరిమళద్రవ్యములు చేయువారు, షల్లూము కుమార్తెలు, అందరును అక్కడ ఉన్నారు. పనికి మెడ వంచని తెకోవ అధికారుల సంగతియు అక్కడనే వ్రాయబడినది. వాగుగట్టున తిరిగి పాడును చూచినవాడే, దానిని బాగుచేసినవారి పేర్లను కూడ చూచి వ్రాసెను.

ధవళేశ్వరము దిగువ గోదావరి పాయలైపోవును. వాటిలో గౌతమి తీరమున యానాము కలదు. మాట తెలుగు, పరిపాలన పుదుచ్చేరి. నడుమ ఎనిమిది వందలకు పైగా కిలోమీటర్ల దూరము. అందువలన యానామువారు ఉద్యోగమునకో, చదువునకో, వైద్యమునకో పుదుచ్చేరికి వచ్చుచుందురు. జిప్మర్ ఆసుపత్రికి దూరము కాని ఇందిరా నగర్‌లో మేము కొద్దిమంది తెలుగు విశ్వాసులము శుక్రవారము సాయంకాలము ఒక గృహమున కూడి ప్రార్థించుచుందుము. నెహెమ్యా యొక్క ఈ ఆరు వచనములు మొదట గద్దించినది నన్నే గనుక, జరిగిన సంగతిని దాచక చెప్పవలసియున్నది.

ఒక శుక్రవారము మా సహోదరి యొకతె ప్రార్థన మనవి తెచ్చెను. యానాము దగ్గరి ఒక లంక గ్రామమునుండి ఒక స్త్రీ తన భర్తను వైద్యమునకు తీసికొని వచ్చి, మన పేటలోనే ఒక గది అద్దెకు తీసికొనెనట, రోగము పెద్దదట. మేము మోకాళ్లూని ప్రార్థించితిమి. కొందరు కన్నీటితో ప్రార్థించిరి. రెండవ శుక్రవారము ప్రార్థించితిమి. మూడవ శుక్రవారము ప్రార్థించితిమి. ఆ గది మా కూటము జరుగు ఇంటికి పది నిమిషముల నడక. దానికి గుఱ్ఱము అక్కరలేదు, పడవ అక్కరలేదు. ఒక్కరమును పోలేదు. ప్రతివాడును మరియొకడు పోయియుండునని తలంచెను. నేను పెద్దవాడను, నేనును అట్లే తలంచితిని.

నాలుగవ వారము ఈ వాక్యభాగమును ధ్యానించుచుండగా నా మనస్సాక్షి నన్ను పొడిచెను. లేచి వెళ్లితిని. గది తాళము వేసియుండెను. ఇంటి యజమానురాలు తమిళ స్త్రీ, వృద్ధురాలు. మన ప్రభువును ఎరిగినది కాదు. ఆ మనుష్యుడు గడచిన ఆదివారము కన్నుమూసెననియు, అతని శరీరమును స్వగ్రామమునకు తీసికొనిపోయిరనియు ఆమె చెప్పెను. తరువాత ఆమె నెమ్మదిగా పలికిన మాటలను నేను మరువలేకున్నాను. ఆ అమ్మాయి ప్రతి సాయంకాలము ఈ గడపమీద కూర్చుండెడిదనియు, ఆమె భాష తనకు రాదనియు, తన భాష ఆమెకు రాదనియు, తాను గంజి కాచి యిచ్చి ప్రక్కన ఊరక కూర్చుండెడిదాననియు ఆమె చెప్పెను. "ఆమె భాష మాటలాడువారు ఈ వీధుల్లో ఉన్నారని నాకు తెలియలేదయ్యా, తెలిసియుంటే నేనే పిలుచుకొని వచ్చియుందును" అని ముగించెను.

నేను తల వంచుకొని వచ్చితిని. మంచి సమరయుని కథలో యాజకుడును లేవీయుడును ఎవరో అంతకుముందెన్నడును నన్ను నేను అడుగలేదు. ఆ దినమున తెలిసికొంటిని. వారైనను ఆ త్రోవను వచ్చి అతని చూచి పోయిరి. మేము ఆ మాత్రమును చేయలేదు. ఆ సమరయుడు అతడు పడియున్న చోటికే వచ్చెను, చూచెను, జాలిపడెను. తన వాహనముమీద గాయపడినవానిని ఎక్కించెను. అనగా తాను దిగెను. పూటకూళ్ల ఇంటివరకు తాను నడిచెను. ఎక్కుటకు పశువు ఉండుట గొప్ప కాదు, ప్రియులారా. ఎక్కడ దిగవలెనో ఎరుగుట గొప్ప.

ఇప్పుడు ఆ వాగునొద్దకు మరల వత్తము. నెహెమ్యా రాత్రి తిరిగిన కిద్రోనుకు ఎదురుగా ఒలీవల కొండ కలదు. నాలుగు వందల సంవత్సరములకు పైగా గడచిన తరువాత ఆ కొండ దిగుచు మరియొక రౌతు వచ్చెను. యుద్ధాశ్వముమీద కాదు, గాడిదపిల్లమీద. జనులు కేకలు వేయుచుండిరి, బట్టలు దారిపొడుగున పరచుచుండిరి. ఆయన మాత్రము పట్టణమును చూచెను, చూచి యేడ్చెను. లూకా ఈ రెండు క్రియలను ప్రక్కప్రక్కనే వ్రాసెను. జనసమూహము ఆయనను చూచుచుండెను. ఆయన యెరూషలేమును చూచుచుండెను. అప్పటికి దాని గోడలు దృఢముగా నిలిచియుండెను. ఇతరులు సొగసైన పట్టణమును చూచుచుండగా, ఆయన దాని రాబోవు పాడును, దర్శనకాలమును ఎరుగని దాని హృదయమును చూచెను.

ఆయన చూచి, యేడ్చి, తిరిగిపోలేదు. కొన్ని దినములకే ఒక రాత్రి తన శిష్యులతో కిద్రోను వాగును దాటి తోటలోనికి వెళ్లెనని యోహాను పదునెనిమిదవ అధ్యాయములో వ్రాసెను. ఈ పర్యాయము గాడిదపిల్ల లేదు. కాలినడకనే వెళ్లెను. పశువు పోవుటకు చోటులేని చోట నెహెమ్యా త్రోవ మార్చుకొనెను. మన ప్రభువునకు త్రోవ మార్చుకొనుటకు వీలు లేకపోయెను. మన పాపములు కూల్చిన రాళ్ల గుట్టలోనికే ఆయన నడిచెను. అక్కడనే పట్టబడెను, అక్కడనుండియే సిలువకు నడిపింపబడెను. పరలోకమునుండి మన పాడును గూర్చి విని ఊరకుండక, వచ్చి చూచి, దిగి, మోసిన దేవుడు మన దేవుడు. మన రక్షణ అట్లు వచ్చినది. అట్టి రక్షణ పొందిన మనము, పది నిమిషముల దూరములోనున్న గడపకు పోకుండుట ఎట్లు?

కాబట్టి ఈ సంవత్సరము మీ సంఘములో ప్రార్థన మనవుల పట్టిక చదువునపుడు ఒక చిన్న నియమము పెట్టుకొనుడి. ప్రతి పేరు ప్రక్కన, వెళ్లి చూచువాని పేరొకటి వ్రాయుడి. నెహెమ్యావలె కొద్దిమందితో వెళ్లుడి. వెళ్లివచ్చిన సంగతి చాటింపకుడి. చూచుటకు వెళ్లినపుడు బోధించుటకు త్వరపడకుడి. తెలుగు రాని ఆ వృద్ధురాలివలె ప్రక్కన కూర్చుండుట నేర్చుకొనుడి. మీ వాహనమునకు దారి లేని సందు ఎదురైనప్పుడు తిరిగి రాకుడి, దిగి నడువుడి. సొంత ఊరు విడిచి పరాయి భాష నడుమ బ్రదుకుచున్న తెలుగు సహోదరులారా, మీకు ఇది మరి యెక్కువగా వర్తించును. గడపమీద ఒంటరిగా కూర్చున్నవారికి మీ నోటి తెలుగుమాటయే కాలువనీరు కావచ్చును.

మా శుక్రవారపు కూటమిప్పుడును జరుగుచున్నది. ప్రార్థన తగ్గలేదు. మనవి వచ్చిన సాయంకాలమే ఇద్దరు లేచి చెప్పులు తొడుగుకొందురు. మిగిలినవారు వారు తిరిగివచ్చువరకు మోకాళ్లమీద నుందురు. యానాము దగ్గరి ఆ లంక గ్రామమునకు కూడ నేను ఒకమారు పోయి, ఆ సహోదరిని క్షమాపణ అడిగితిని. ఆమె నన్ను నిందింపలేదు. మంచినీళ్లిచ్చి, పుదుచ్చేరిలోని ఆ అవ్వ కులాసాగా ఉన్నదా అని అడిగెను.

ప్రార్థన: కిద్రోను వాగును మాకొరకు దాటిన ప్రభువా, మా కన్నులు తెరువుము. దూరముననుండి ఏడ్చి తృప్తిపడు మా భక్తిని క్షమించుము. పాడైన గోడయొద్దకు, ఒంటరియైన గడపయొద్దకు మమ్మును నడిపించుము. దిగవలసిన చోట దిగుటకు మాకు దీనత్వమును, మోయవలసినది మోయుటకు బలమును దయచేయుము. కళ్లెముతో గాక నీ కనుచూపుతో మమ్మును నడిపించుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.